ఒకే లాడ్జిలో రెండు పార్టీలు

ఏవండీ,

మీ సంవత్సరీకం వెళ్లిన మర్నాడే మన మున్సిపాలిటీకి చైర్మన్ తేలాడు. ఈసారి ఎవరికీ మెజారిటీ రాలేదు. జారిపోతారన్న భయంతో ఎవరి కౌన్సిలర్లను వాళ్లు గవర్నర్‌పేటకి క్యాంపు తీసుకెళ్లారు. వేరువేరు లాడ్జీలేమో అనుకున్నాం. ఒకటేనట. పై అంతస్తు మీ పార్టీవాళ్లు, కింద అంతస్తు అవతలి పార్టీవాళ్లు. టిఫిన్లు మాత్రం కలిసే చేశారట. ముందు సగం కాలం కుర్చీ మీ పార్టీకి, తర్వాత సగం వాళ్లకి అని అక్కడే తేల్చుకున్నారు.

మీ నాయకుడు వాళ్ల కండువా వేసుకుని ఫొటో దిగాడు. ఆ కండువా వేసుకున్నాడనే కదండీ, మంగ మొగుణ్ణీ, సొంత చెల్లెలని చూడకుండా మంగనీ మీరు గడప తొక్కనివ్వంది. మీరు పోయిన రోజు కూడా మంగ మీ మాట దాటలేదు. వాకిట్లోనే నిలబడి చూసి వెళ్లిపోయింది.

ఇవాళ వానలో మంగ వచ్చింది. అలవాటుగా వాకిట్లోనే ఆగి, "రావచ్చా వదినా?" అంది.

"రా మంగా. మీ అన్నయ్య పార్టీవాళ్లు ఒప్పుకున్నారుగా" అన్నాను.

తను నవ్వలేదు, లోపలికొచ్చింది. తల తుడుచుకోమని, మీ ఫొటోకి వేసిన మీ పార్టీ కండువా తీసిచ్చాను.