వెన్నెల వెలుగులో తీసిన అడవి

అన్నకు, పద్మ దండాలు పెట్టి రాస్తున్నది.

నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు, వదిన, అమ్మ గద్వాలలో బాగున్నారని అనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? దవాఖానకు తీసుకుపోయావా, రేపు మాపు అంటూనే ఉన్నావా? ఫోన్లో మాట్లాడుతూ మళ్లీ ఈ ఉత్తరమేమిటని నవ్వకు. దీనితో ఒక ఫోటో పంపుతున్నాను, అది ఫోన్లో చూసేది కాదు.

జర్మనీలో చలి మొదలైంది. వృద్ధాశ్రమంలో నా నర్సు పని మామూలే. ముసలివాళ్లకు నా పేరు నోరు తిరగక రోజుకో పేరు పెడుతున్నారు. నిన్న ఇక్కడి పిండితో రొట్టె చేయబోతే పెనం మీదే విరిగింది. పల్లీల పొడి ఉంది కాబట్టి గొంతు దిగింది. అదీ అయిపోవచ్చింది, వదినకు చెప్పి ఇంకొంచెం పంపించు. డ్యూటీ దిగి గదికి వస్తే మాట్లాడే మనిషి ఉండదు. అందుకే వెన్నెల రోజుల్లో కెమెరా పట్టుకుని వెనకున్న అడవికి పోతున్నాను. భయపడకు, ఆశ్రమంలో నాతో పనిచేసే పెద్దావిడ తోడు వస్తుంది, ఈ కెమెరా ఇచ్చింది ఆమే. ఇక్కడ పులులు లేవు.

ఆ చెట్ల మధ్య నిలబడితే నాకు మన నల్లమలే. సలేశ్వరం జాతర నుంచి పున్నమి రాత్రి నడిచి వచ్చాం, గుర్తుందా? నువ్వు కొత్త బ్యాటరీ లైటు వేసుకుంటూ గొప్పగా ముందు పోతుంటే నాయిన గదిమాడు.

"జర ఆ లైటు ఆర్పురా. అది ఏసిన కాడనే కనిపిస్తది. ఆర్పితే అడివంత కనిపిస్తది."

నువ్వు మూతి ముడిచి ఆర్పావు. కాసేపటికి చెట్ల మొదళ్లు, రాళ్లు, ముందు నడుస్తున్న అమ్మ చీర జరీ అంచు ఒక్కొక్కటే కనిపించాయి. "గీ రాత్రి అసొంటి చీర ఒకటి నేస్త" అన్నాడు నాయిన. నేయకుండానే పోయాడు. నువ్వేమో మగ్గం మీద దుప్పటి కప్పి బట్టల దుకాణంలో చేరావు. ఆ చీర నువ్వన్నా నేస్తావనే పోయిన పున్నమికి ఇక్కడి అడవి ఫోటో తీసి ఫోన్లో పంపాను. నువ్వేమన్నావు?

"ఏంది పద్మా, గిది పట్టపగలు తీసినవ్ గద. నన్ను ఎడ్డోన్ని చేస్తున్నవా? రాత్రి ఫోటో పంపు, గప్పుడు మగ్గమెక్కుత."

నాకు ఒళ్లు మండింది. వెన్నెల తప్ప అక్కడ వేరే వెలుగే లేదు. కోపం దిగాక మళ్లీ చూస్తే నువ్వన్నది నిజమే. ఆకులు పచ్చగా, ఆకాశం నీలంగా ఉన్నాయి. కెమెరా కన్నును ఎక్కువసేపు తెరిచి పెట్టాను, వెన్నెల ఎక్కువ పట్టేసింది. నూలును రంగులో మరిచిపోతే నాయిన తిట్టేవాడు కదా, అదే తప్పు. ఈ పున్నమికి తెగిన పోగు అతికేంత సేపే తెరిచాను. ఉత్త నలుపు వచ్చింది. ఇంకో పోగు అతికేంత సేపు పెంచాను. అప్పుడు వచ్చింది, ఆ రాత్రి.

దీన్ని ట్యూబులైటు కింద చూడకు, నల్ల కాగితంలా ఉంటుంది. నాయిన రంగులు చూసుకునే చోటే, మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని కిటికీ వెలుగులో చూడు. తొందరపడకు. ముందు చెట్ల మొదళ్లు కనిపిస్తాయి. తర్వాత సన్నగా వాగు, అచ్చం అమ్మ చీర అంచే.

అమ్మ కాళ్లకు నా దండాలు. నన్ను దీవించమను. వదినను అడిగానని చెప్పు.

ఎలాగూ దుప్పటి తీసి గుంతలోకి దిగావు కదా అన్నా. ఇక అక్కడే కూర్చో.

నీ చెల్లె
పద్మ