తాజా కలం కూడా చదివాను

సైలుంగ్, మిజోరం
గురువారం

పాస్టరు జోలియానా అయ్యగారికి,

చర్చిలో డోలు కొట్టే హ్రాంగ్‌ఖుమా వందనాలు. నా కోడిగీతల్నీ అక్షర తప్పుల్నీ మన్నించాలి. ఈ చేతికి డోలుకర్రే అలవాటు.

మొన్న మీరు మా ఊరొచ్చినప్పుడు ప్రసంగం చివర్లో, "ఎన్నికల ముందు పెట్టే పంది విందు ప్రేమ కాదు" అన్నారు. తన పార్టీ తరఫున ఆ పంది కోసింది మా బావమరిది బియాకా. ఇప్పుడు మా ఆవిడ థాంగి చర్చికి రానంటోంది. "మా తమ్ముణ్ణి వేదికెక్కి తిడితే నేను పాటలు పాడాలా?" అంటోంది. నలభై ఏళ్ళుగా ఆమె పాటకే డోలు కొడుతున్నాను. ఆమె లేక దరువు తప్పుతోంది.

పాస్టర్లు రాజకీయం మాట్లాడొచ్చా? తెలియకే అడుగుతున్నాను.

హ్రాంగ్‌ఖుమా

తా.క. విందులో నేనూ తిన్నాను.

*

పెద్దయ్యా,

నేనెవరి పేరూ ఎత్తలేదు. మాంసం పెట్టి ఓటు కొనడం పాపం కాదా? దొంగను చూసి మొరగని కుక్క ఎందుకు? థాంగికి మీరే నచ్చజెప్పండి.

జోలియానా

తా.క. నిజానికి పోయినసారి అవతలి పార్టీ కోసిన పందే పెద్దది.

*

అయ్యగారికి,

మీరు రాని ఆదివారం మీ ఉత్తరం సంఘం ముందు చదవడం మన ఆచారం కదా. చదివాను. తాజా కలం దగ్గర ఆగితే, "మింగకు పెద్దయ్యా, మొత్తం చదువు" అన్నారు జనం. చదివాను.

బియాకా లేచి, "అయితే ఆ విందులో పాస్టరూ తిన్నాడన్నమాట!" అని అరిచాడు. అవతలి పార్టీవాళ్ళు తమ పందిని మెచ్చుకున్నారని చప్పట్లు కొట్టారు. గోల విని థాంగి వచ్చింది. గుమ్మం దాకానే.

ఇప్పుడేం చెయ్యమంటారు?

హ్రాంగ్‌ఖుమా

*

అయ్యో పెద్దయ్యా!

అది మీకు రాసిన ఉత్తరం! నేను విందుకు వెళ్ళలేదు. ఒక తొడ ఇంటికి పంపారు, అంతే. ఇక రాజకీయం ఊసెత్తను. నోవహు ఓడ, జలప్రళయం గురించి చెప్పుకుంటాను.

జోలియానా

తా.క. దీన్ని చదవకండి.

*

అయ్యగారికి,

చదవొద్దన్న మాట చివర్న రాశారు. అక్కడికి వచ్చేసరికి అంతా చదివేశాను.

అందరూ నవ్వారు, బియాకా కూడా. ఈసారీ గుమ్మం దాకా వచ్చిన థాంగి నవ్వలేదు. లోపలికొచ్చి నిలబడింది.

"నోవహు కథా? ఊట ఎండి మూడు నెలలు, తాగడానికే నీళ్ళు లేవు! మా తమ్ముడు అడగడు, అవతలివాడు అడగడు, పాస్టరూ అడగడు. పందుల సంగతి మాత్రం అందరికీ కావాలి. ఆయన్ని రాజకీయం మాట్లాడమనండి. కానీ ఆయన మాట్లాడాక మమ్మల్నీ మాట్లాడనివ్వాలి" అంది.

సంఘం ఒప్పుకుంది. తర్వాత ఆమె పాట అందుకుంది. దరువు కుదిరింది.

వచ్చే ఆదివారం మీ ప్రసంగం కాగానే ప్రశ్నలు. థాంగి పదకొండు రాసిపెట్టుకుంది. నాకు చూపించడం లేదు.

ఈ ఉత్తరం తెచ్చే జీపు డ్రైవరు రేపు తిరిగొస్తాడు. మీరు వస్తారో రారో అతనితో జవాబు పంపండి. ఆమె గంటకోసారి అడుగుతోంది.

హ్రాంగ్‌ఖుమా