నా కణాల సంగతి నాకు చెప్పరేం?

నర్సీపట్నం,
9 జూలై 1986

నన్ను మోసం చేశావు, చిరంజీవి యాజులూ. దీవెనలు ఆ తరువాత.

ఇక్కడ అందరం క్షేమమని రాయవలసిన చోటు ఇది. మీ బావగారు క్షేమం. పిల్లలు క్షేమం. నా సంగతి నాకంటే నీకే బాగా తెలుసు కనుక రాయను.

నువ్వడిగినవాటికి జవాబులు: ఒంటి దురద తగ్గింది. కళ్ల పచ్చదనం పోయింది. అన్నం సగమే సహిస్తోంది. ఏప్రిల్లో విశాఖలో పొట్ట కోశాక "క్లోమం వాచింది, అంతే" అని మీరంతా అన్నారు. నమ్మాను.

నేను నడిపే మా ఆడవాళ్ల పత్రికకు నువ్వు పంపిన వ్యాసం బాగుంది. క్లోమంలో జీర్ణరసం తయారుచేసే కణాలు వేరు, ఆ రసాన్ని మోసే సన్నటి గొట్టాల కణాలు వేరు. ఎవరి ప్రోటీన్లు వారివి. వాటికి రంగు పట్టించి, ఏ కణం ఏదో మీ బొంబాయి లాబులో పోల్చుకుంటారు. కాన్సరుగా మారాక కూడా గొట్టపు కణం కెరాటిన్ అనే తన ప్రోటీన్‌ను వదలదని రాశావు. ఎంత చెడినా పుట్టుక దాచుకోదన్నమాట. ఆపాటి నిజాయితీ నీకు లేకపోయింది.

వ్యాసంతో వచ్చిన కణాల ఫొటో వెనక పెన్సిలుతో నువ్వే రాసుకున్నావు: "నర్సీపట్నం, స్త్రీ, 48. కాన్సరు." చెరపడం మరిచావు. ఈ ఊళ్లో ఈ ఏడు క్లోమం కోయించుకున్న నలభై ఎనిమిదేళ్ల ఆడవాళ్లు ఎందరురా?

ఫొటో మీ బావగారి ముందు పెట్టాను. ఆయన కాఫీ గ్లాసులోకి చూస్తూ, "యాజులే చెప్పొద్దన్నాడు కమలా" అన్నారు. మా బడి ఆయా సోమలమ్మ గుమ్మంలోంచే అందుకుంది: "మీకు సెప్తే గుండాగిపోద్దన్నారటండి తమ్ముడుగారు. ఏటండమ్మా, మీకా గుండాగేది? ఎడ్మాస్టరుగోరి గుండాపినోరు మీరు!"

అంటే ఆయాకూ తెలుసు. పెళ్లాం జబ్బును మొగుడి చెవిలో వేసి ఆమెను పసిపిల్లను చేసే ఈ ఆచారాన్ని పదేళ్లుగా నా రాతల్లో ఉతికి ఆరేస్తున్నాను. అది నా మంచం పక్కనే కాపురం పెట్టింది!

ఇక ఒకటి ఒప్పుకోవాలి. డెబ్భై నాలుగులో అమ్మకు వచ్చింది కాన్సరే. డాక్టరు నాతోనే అన్నాడు. అమ్మ "ఏవిటే నాకొచ్చింది?" అని అడిగితే "అల్సరమ్మా" అన్నాను. చదువుకుంటున్న నీకూ అల్సరనే రాశాను. అమ్మ పాయకరావుపేట వెళ్లి తన చెల్లెల్ని చూసొస్తానంటే, తగ్గాక వెళ్దువుగానిలే అన్నాను. ఆడవాళ్లకు నిజం తెలిసే హక్కు గురించి వేదికలెక్కి గొంతు చించుకుంటున్న రోజుల్లోనే అన్నాను. అమ్మ వెళ్లనే లేదు. నేను ఆవిడకు చేసింది నువ్వు నాకు చేస్తానంటే పడను.

కనుక:

రిపోర్టు నా పేరున రిజిస్టర్డు పోస్టులో పంపు. బావగారి పేరున కాదు.

విశాఖలో కోసి మీ లాబుకు పంపిన నా ముక్క మీద పరిశోధన చేసుకో. ముందు నన్నడుగు.

వ్యాసం ఆగస్టు సంచికలో వస్తుంది. ఫొటో కింద నా పేరుంటుంది. వద్దని బతిమాలకు.

నాకు ఇంకా ఎన్ని నెలలో అంకెల్లో రాయి. తెలియకపోతే తెలియదని రాయి.

ఇట్లు,
నీ అక్క
కమలాంబ