తాతగారి చొక్కాకి కుట్టిన కోడ్

చిరంజీవి దుర్గాసాయికి,

మీ తాతగారి జేబుకి క్యూఆర్ కోడ్ కుట్టడం గేదె చెవికి బిళ్ళ వేసినట్టుందని ఫోనులో అన్నావు. పొరపాటు నాయనా. గేదె పొద్దుగూకితే తనే ఇంటికొస్తుంది.

మొన్న సామర్లకోట స్టేషన్లో ఈయన "బడికి టైమైందండి" అంటూ కూర్చున్నారట. ఊరు, పేరు అడిగితే చెప్పలేకపోయారు. టీ కొట్టు అమ్మాయి ఆ కోడ్‌ని స్కాన్ చేస్తే మన చిరునామా, నా నంబరు వచ్చాయి. "మామ్మగారూ, మీ మాస్టారు నాకు ఎక్కాలు అప్పజెప్పమంటున్నారండి, తొందరగా రండి" అని ఫోను చేసింది.

ఆ కాగితం కోడ్ నిన్న ఉతుకులో చెరిగిపోయింది. మీ భీమవరంలో గుడ్డ మీద అచ్చువేసే కొట్టుంటే నాలుగు చేయించి పంపు. నేను ఫోను ఎత్తలేని రోజున కూడా ఆయన ఇల్లు చేరాలి. అందుకని కోడ్‌లో నా నంబరు కింద నీది కూడా పెట్టించు.

మామ్మ