బొట్టు లేని యంత్రం

క్లెమెంటి, సింగపూర్
10 డిసెంబరు 2000, ఆదివారం మధ్యాహ్నం

మహీధర్ అన్నయ్యకు,

నీ చెల్లి నమస్కారాలు. ఇక్కడ అంతా క్షేమమే అని మొదటి వాక్యం రాసి, కాసేపు దానికేసి చూస్తూ కూర్చున్నాను. ఒంట్లో బాగానే ఉంది, కాబట్టి ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. కాకినాడలో నువ్వూ వదినా పాపా బాగున్నారనే నమ్మకంతో మిగతాది రాస్తున్నాను.

ఈ-మెయిల్ ఇవ్వకుండా ఈ చేతిరాత ఏమిటని నవ్వుకుంటావు. ఆఫీసు కంప్యూటరులో రాయడానికి ధైర్యం చాలలేదు. కారణం చివర్లో చెబుతాను. నువ్వు కథ పుస్తకమైనా ముందు ఆఖరి పేజీ తిప్పే రకం. అందుకే పేజీలకు నంబర్లు వేయలేదు, వరసగా చదవక తప్పదు.

ముందు, పాత కంప్యూటరుతో నీకోసం కట్టిన వాయిద్యం గురించి నీ ప్రశ్నలు. కీ నొక్కాక శబ్దం ఆలస్యంగా వస్తుందా అని అడిగావు. మొదట్లో వచ్చింది. నొక్కిన వేలు పైకి లేచాక అప్పుడు పలికేది. కాస్త వేగంగా వాయిస్తే నా చేతులు నాకే అడ్డం పడేవి. తప్పు కంప్యూటరుది కాదు, దాని నెత్తిన ఉన్న పనులది. వైరస్ వచ్చిందా, నెట్‌వర్కు ఉందా, ప్రింటరు పిలిచిందా అని అది నిమిషానికోసారి చూసుకుంటూ ఉంటుంది. మన స్వరం వంతు వచ్చేసరికి తాళం దాటిపోతుంది. అందుకని లోపల ఏముందో కూడా చూడకుండా డిస్కంతా తుడిచేసి, మొదటి నుంచి కట్టుకొచ్చాను. ఇప్పుడు అందులో ఉత్తరం రాయలేవు, ఆట ఆడలేవు, మెయిల్ చూడలేవు. దానికి పలకడం తప్ప ఇంకో పని లేదు. వేలు పెడితే పలుకుతుంది.

టీవీ లాంటి తెర కూడా స్టేజీ మీదికి మోయాలా అన్నది వదిన ప్రశ్న. అక్కర్లేదని చెప్పు. తెరా వద్దు, మౌసూ వద్దు. స్విచ్ వేసి ఒకటిన్నర నిమిషం ఆగితే తంబూరా శ్రుతి దానంతటదే వినిపిస్తుంది. అంటే సిద్ధమని గుర్తు. కీబోర్డు వైరు తగిలించుకుని వాయించుకోవడమే. వీణ, సన్నాయి, వేణువు, వయొలిన్లు, ఒక్కోదానికి పదుల కొద్దీ స్వరాలు డిస్కు నిండా కూరాను. స్పందన, అదే నా గదిలో ఉండే పరిశోధక విద్యార్థిని, సన్నాయి విని ఎవరి పెళ్లి అని అడిగింది. దాని ఫ్యాను మాత్రం మిక్సీలా మోగుతుందని విసుక్కుంటుంది. ఇక కరెంటు పోతే ఏమిటన్నావు. పోతే అదీ పోతుంది. జనరేటరు అతణ్ణి బీడీ కాల్చుకోవడానికి పంపకు.

మాఘమాసం పెళ్లిళ్లకు ఇది నీ చేతిలో ఉంటే, మీ ఆర్కెస్ట్రా యజమాని కొత్త కీబోర్డు ఉన్న కుర్రవాణ్ణి తెచ్చుకుంటానని బెదిరించడం మానేస్తాడని నువ్వు రాశావు. ఆ వాక్యం చదివినప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు. ఎందుకంటే, అన్నయ్యా, ఆ వాయిద్యం నీ చేతికి రాదు. ఇంకెవరికైనా చెప్పేసి ఉంటే ఈ ఉత్తరం చదివాక మెల్లగా సర్దిచెప్పు.

ఇప్పుడు జరిగింది చెబుతాను. మా ఆఫీసు జురాంగ్ ఈస్ట్‌లో అని నీకు తెలుసు. అక్కడి స్టోరు గది ఏడుకొండలు గారి చేతిలో ఉంటుంది. గూడూరు మనిషి, నలభై దాటాయి. కంప్యూటర్లు విప్పి బాగుచేస్తారు. ఊరెళ్లి వచ్చిన ప్రతిసారీ నాకు నిమ్మకాయ పచ్చడి తెస్తారు. పాతబడి పక్కన పడేసిన యంత్రాలు కావాలంటే మాలో ఎవరైనా తీసుకెళ్లవచ్చని మేనేజరే అన్నాడు. కాకపోతే ఏడుకొండలు గారి పుస్తకంలో నంబరు రాసి సంతకం పెట్టాలి. నీ వాయిద్యానికి ఒకటి కావాలని ఆయన్ని అడిగాను. నవంబరులో ఒక శనివారం ఆయనకు తువాస్‌లో పని పడింది. తాళం నా చేతికిచ్చి, పాతవి గోడవైపు ఉంటాయి, చూసి తీసుకోండి మేడం అని వెళ్లిపోయారు.

గోడవైపు చూస్తే ఒకే రకం డబ్బాలు ఏడెనిమిది ఉన్నాయి. అన్నీ తెల్లవే, అన్నిటి మీదా దుమ్మే. ఏది పాతదో ఏది కాదో తెలియలేదు. ఇక్కడ నా తెలివి చూడు. మా ఆఫీసులో దసరాకి ఆయుధ పూజ చేస్తాం. తమిళులం, తెలుగువాళ్లం కలిసి పనిచేసే ప్రతి యంత్రానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతాం. చైనా వాళ్లు కూడా వచ్చి ప్రింటరుకు పెట్టిపోతారు. పనికిరానివాటికి ఏడుకొండలు గారు పెట్టనివ్వరు, పూజ పనిచేసేవాటికే అంటారు. కాబట్టి బొట్టు ఉన్నది పనిలో ఉన్న యంత్రం, బొట్టు లేనిది పనికిరానిది అని లెక్క వేశాను. వెనకనున్న స్టిక్కరు మీద నంబరు చూడాలన్న ఆలోచనే రాలేదు. బొట్టు లేని ఒకదాన్ని ఎత్తుకుని టాక్సీలో ఇంటికి తెచ్చాను. పుస్తకంలో సోమవారం రాద్దాంలే అనుకున్నాను. సోమవారం పాత సామాను లారీ వచ్చి, ఏడుకొండలు గారు చీటీ చూసి ఇచ్చినవన్నీ పట్టుకుపోయింది. నేను రాయడం మర్చిపోయాను.

నేను తెచ్చినదానికి బొట్టు లేకపోవడానికి కారణం అది పనికిరానిది కావడం కాదు. అది దసరా వెళ్లిపోయాక వచ్చింది. అంతే.

తువాస్‌లో ఓడలు కట్టే కంపెనీ ఒకటి మాకు పని ఇస్తుంది. వాళ్ల క్రేన్లను ఎప్పుడు పరీక్షించారు, ఎంత బరువు మోశాయి అన్న వివరాలు రెండేళ్లవి ఆ యంత్రంలో నకలు తీసి, అవసరమైతే ఉంటుందని స్టోరులో దాచారు. మొన్న గురువారం వాళ్ల దగ్గరున్న అసలు యంత్రం చెడిపోయింది. టేపు మీద ఇంకో నకలు ఉందనుకున్నారు, చూస్తే సగంలో ఆగిపోయింది. స్టోరులోది తెమ్మన్నారు. అది లేదు. మేనేజరు నంబరు బిగ్గరగా చదివి అందర్నీ వెతకమన్నాడు. నేను కూడా వెతికాను, బల్లల కింద కూడా చూశాను. సాయంత్రం ఇంటికొచ్చి నీ వాయిద్యం మీది గుడ్డ తీసి వెనక్కి తిప్పాను. అదే నంబరు. మళ్లీ గుడ్డ కప్పేశాను.

అప్పటి నుంచి దాన్ని ముట్టుకోలేదు. తుడిచిన డిస్కులో కొన్నిటిని వెనక్కి రప్పించవచ్చు. కానీ పైన ఇంకేదైనా రాసి ఉంటే అక్కడివి పోయినట్టే. నేను నీ సన్నాయిలూ వీణలూ వాటి మీదే కూరాను. సగం దొరకవచ్చు, ఏమీ దొరకకపోవచ్చు. ఆ వివరాలు లేకపోతే క్రేన్లన్నీ ఆపి మళ్లీ పరీక్షించాలట. అందాకా వాటి కింద పనిచేసేవాళ్లకు పని లేదు.

గురువారమే చెప్పేసి ఉంటే ఇది పొరపాటు. తిట్లు పడేవి, బహుశా ఉద్యోగం పోయేది. ఈ రోజుల్లో మన సాఫ్ట్‌వేరు వాళ్లకు ఉద్యోగం పోవడం పెద్ద విషయమేమీ కాదు, పక్క వీధిలో ఇంకొకరు పిలుస్తారు. అయినా నేను చెప్పలేదు. పర్మనెంట్ రెసిడెన్సీకి పెట్టుకున్న కాగితాలు గుర్తొచ్చాయి, నువ్వు గుర్తొచ్చావు. రేపు చెబుదాం అనుకున్నాను.

శుక్రవారం మేనేజరు ఏడుకొండలు గారిని గదిలోకి పిలిచాడు. ఆయనకు పనికి సరిపడా ఇంగ్లీషు వచ్చు, భయమేస్తే ఒక్క ముక్క రాదు. అందుకని నన్ను కూడా పిలిచి, అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పమన్నాడు. లారీ వాళ్లకు అమ్ముకున్నావా అని అడిగించాడు. లేదన్నారు, నేను లేదని చెప్పాను. తాళం ఇంకెవరి చేతికైనా వెళ్లిందా అని అడిగించాడు. ఆ ప్రశ్న నా నోటితోనే ఆయన్ని అడిగాను.

ఆయన నావైపు తిరిగి, "తాళం ఎప్పుడూ నా కాడే ఉంటాది మేడం. ఒక్క శనివారం మటుకు మీకిచ్చినా. ఆ మాట సార్‌కి చెప్పండి" అన్నారు.

నేను మేనేజరు వైపు తిరిగాను. "నో వన్, సర్" అన్నాను.

అన్నయ్యా, నీకు చెప్పాలని ఇంతసేపూ చుట్టూ తిరిగింది ఈ రెండు మాటల కోసమే. ఎవరో నన్ను అనమని బలవంతం చేయలేదు. ఆలోచించుకోవడానికి సమయం లేకనూ కాదు. ఆయన మాట పూర్తయ్యేలోపే నా మాట సిద్ధంగా ఉంది. ఆ పాటి ఇంగ్లీషు ఆయనకు తెలుసు. నా ముఖంలోకి ఒకసారి చూసి, తల దించుకున్నారు. కాదు అనలేదు. కేకలు వేసి ఉంటే నాకు బాగుండేది. మేనేజరు సోమవారం పది గంటలకు పోలీసు కంప్లయింటు ఇస్తానన్నాడు. అది కూడా నేనే తెలుగులో చెప్పాను.

రెండు రోజులుగా తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాను. లిఫ్టు ఆగితే ఎవరో అనుకుంటున్నాను. స్పందన జ్వరమా అని నుదురు పట్టుకు చూసింది. పోలీసులంటే భయం, జైలంటే భయం, పేరు పోతుందని భయం. వాటన్నిటికంటే ఆయన ఎందుకు ఊరుకున్నారో తెలియక ఎక్కువ భయం. దొంగ అన్న మాటతో ఆయన్ని విమానం ఎక్కిస్తే గూడూరులో ఇద్దరు ఆడపిల్లలకు ఏం చెబుతారు? నాలాగా ఆయన్ని పక్క వీధిలో ఎవరూ పిలవరు.

ఇందాక భోజనం మానేసి కింద ఫోను దగ్గరికి వెళ్లి ఆయన ఉండే ఫ్లాటుకు చేశాను. ఆయనే ఎత్తారు. యంత్రం నా దగ్గరుందని, తుడిచేశానని, రేపు ఎనిమిదింటికే దాన్ని తీసుకుని మేనేజరు దగ్గరికి వెళ్లి తాళం సంగతీ, శుక్రవారం నేనాడిన అబద్ధమూ చెబుతానని గబగబా అనేశాను. నాణేలు అయిపోతాయేమోనని ఇంకొకటి వేశాను. శుక్రవారం అక్కడే ఎందుకు కాదనలేదని అడిగాను.

"ఎవురు నమ్ముతారు మేడం, చెప్పేది మీరు కదా" అన్నారు. ఆ తర్వాత నెమ్మదిగా, "రేపు నేనే ఇంగ్లీషులో చెప్పుకుందామని మా రూములో ఉండే ఒకాయన చేత రాయించుకున్నా. పొద్దున్నించి చదవతా ఉండా. అంతా వస్తా ఉంది. మీ పేరు కాడికొచ్చేసరికి నోరు పెగలడం లా" అన్నారు.

నేను ఫోను పెట్టేశాను. నువ్వు నన్ను తిట్టు, పడతాను. వదినకు మాత్రం నీ నోటితోనే చెప్పు. రేపు టాక్సీలో దాన్ని ఒళ్లో పెట్టుకుని వెళతాను, దారిలో ఈ ఉత్తరం పోస్టు చేస్తాను. ఆ కాగితంలో ఆయన నోరు పెగలని చోట, రేపు ఆ పేరు నేనే చెబుతాను.

ఇట్లు,
నీ చెల్లెలు
నందిత