మా కళ్లం బండ ఏ పార్టీ?

శింగనమల మండలం,
ఆగస్టు నెల.

లహరి అనే అమ్మాయికి బయ్యన్న వ్రాయునది. ఆశీస్సులు సంగతి తేలాక.

పోయిన వారం మా చేను పక్కనున్న బండ మీద సుత్తితో పెచ్చు లేపుకుపోయావు. ఎర్ర రంగుతో నంబరు వేశావు. ఏమని అడిగితే "చదువు కోసం పెద్దనాయనా" అని ఈ అడ్రసు రాసిచ్చి బస్సెక్కావు. ఫోన్ చేయను. ఫోన్లో మాట గాలికి పోతుంది, కాగితమైతే చేతిలో ఉంటుంది.

పామిడి వైపు మా వియ్యంకుల ఊళ్లోనూ ముందు ఇట్లాగే నంబరు పడింది, తర్వాత క్వారీ మిషన్లు వచ్చాయి. ఇప్పుడక్కడ బండ లేదు, గుంత ఉంది. మా వీధంతా శెనక్కాయలు ఆరబోసేది ఈ బండ మీదే. మాకున్న కళ్లం ఇదొక్కటే. నిన్ను పంపిన క్వారీ ఎవరిదో నిజం రాయి.

ఇట్లు,
బయ్యన్న

తా.క. నీ రంగు వాసన చూశాను. క్వారీవాళ్ల రంగు వాసనే.

---

హైదరాబాదు.

పెద్దనాయన గారికి లహరి నమస్కారాలు.

నన్ను ఏ క్వారీ పంపలేదు. మాది ధర్మవరం, మా నాయన రామాంజులు పట్టుచీరలు నేస్తాడు. మీ బండ ఎలా పుట్టిందన్నదే నా పరిశోధన. దీని మీద పెద్ద తగువుంది. భూమి లోతుల్లో రాయి కరిగి, పైకి పొంగి, చల్లారి గ్రానైటు అయిందని మా గైడు గారి పక్షం. అది ఎక్కడి నుంచీ రాలేదు, ఉన్నచోటనే పాతరాయి వేడికీ ఆవిరికీ అలా మారిందని ఎదుటి పక్షం. ఇది తేలితేగానీ ఖండాలు ఎలా ఏర్పడ్డాయో తేలదు.

తెచ్చిన పెచ్చు పరీక్షలకే అయిపోయింది. మరో ముక్క బస్సు పార్సిల్లో పంపండి. లేకపోతే నా పట్టా ఆగిపోతుంది.

మీ
లహరి

తా.క. మా గైడు గారూ, ఎదుటి ప్రొఫెసరు గారూ ఒకే వరండాలో కూర్చుంటారు. ఈ గొడవతో ఏళ్ల తరబడి పలకరింపుల్లేవు.

---

లహరికి బయ్యన్న వ్రాయునది. ఆశీస్సులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

చదువుకున్న పెద్దమనుషులిద్దరు బండ కోసం మాటలు మానేశారంటే నమ్మమంటావా? దాని మీద ఆశ లేనిదే ఎవరూ పార్టీ కట్టరు. నీ ఉత్తరం పక్కచేను గురప్పకు చదివి వినిపించడం నా బుద్ధితక్కువ. "కింద నుంచి వచ్చినాదంటే ఎవురి చేను కింద నుంచప్పా? నా చేను కింద నుంచే వాలుగా వచ్చింటాది. బండ నాది" అని మీసం దువ్వుతున్నాడు. అందుకని నేను ఎదుటి పార్టీలో చేరాను. బండ ఎక్కడి నుంచీ రాలేదు. మీ గైడుకు చెప్పు.

అడిగిన ముక్క పంపాను.

ఇట్లు,
బయ్యన్న

తా.క. ముక్క రంగు గురించి ప్రశ్నలు వేయొద్దు. ఎండకు అట్లా అయింది.

---

హైదరాబాదు,
సెప్టెంబరు నెల.

పెద్దనాయన గారికి లహరి వేల నమస్కారాలు.

మీ ముక్క ఇక్కడ పండగ తెచ్చింది. అలాంటి రాయి మన సీమలోనే లేదు. ఎక్కడిదో దూరపు నేల జరుగుతూ వచ్చి మీ ఊరి దగ్గర అతుక్కుందని మా గైడు గారు తేల్చేశారు. జరగనూ లేదు, అతకనూ లేదు, ఆవిరి ఎక్కువై అలా మారిందని ఎదుటి ప్రొఫెసరు గారు పుస్తకాలు మోసుకొచ్చారు. ఒకే ముక్కతో ఇద్దరూ గెలిచారు. వచ్చే సోమవారం పెద్ద సభ. దాన్ని చేత పట్టుకుని మాట్లాడేది నేనే. నా పట్టా దాని మీదే ఉంది.

మీ
లహరి

తా.క. ముక్కకు ఒక పక్క అద్దంలా నున్నగా ఉంది. ఖండాలు ఒకదానికొకటి ఒరుసుకున్న గుర్తని ఈయన, ఆవిరి కడిగిన గుర్తని ఆయన.

---

చిరంజీవి లహరికి బయ్యన్న ఆశీస్సులు.

ఆ ముక్క కింద పెట్టమ్మా. సోమవారం దాన్ని పట్టుకుని నిలబడొద్దు.

నీ మాట నిజమో కాదో చూద్దామని మొన్న చీర బేరానికి వచ్చినవాడిలా ధర్మవరం పోయాను. మీ నాయన మగ్గం మీద నుంచి తలెత్తలేదు. మీ అమ్మ భద్రమ్మ రాగిముద్ద పెట్టి, "మా పాప రాళ్ల చదువు చదువుతాండాదన్నా. అందరూ నవ్వుతాండారు. పట్టా వస్తే వాళ్ల నోళ్లు మూతపడతాయి" అంది. ముద్ద సగంలోనే వదిలి బస్సెక్కాను.

అది మా బండ ముక్క కాదు. గురప్ప వంటింటి గట్టుకు అనంతపురంలో కొన్న పాలిష్ రాయిలో మిగిలింది. రాజస్థాన్‌దట. వేరే రాయి చూపిస్తే క్వారీవాళ్లు మా జోలికి రారనుకున్నాను. అనుమానంతో నీ చదువుకే ఎసరు పెట్టాను. సిగ్గుగా ఉంది. ఎవరినీ చెయ్యి వేయనివ్వని బండను నేనే కొట్టి, అసలు ముక్క ఈ ఉత్తరంతో కండక్టరు చేతికిస్తున్నాను.

ఇట్లు,
బయ్యన్న

తా.క. సంగతి తెలిసి గురప్ప వంటింటికి తాళం వేశాడు. ఖండాల అతుకు తన ఇంట్లోనే ఉందట. అతని భార్య ఈశ్వరి వాకిట్లో పొయ్యి పెట్టుకుని, వండినంతసేపూ నన్ను తిడుతోంది.

---

హైదరాబాదు,
అక్టోబరు నెల.

పెద్దనాయనకు లహరి నమస్కారాలు.

సభలో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. అందరూ నవ్వారు, మా పెద్దలిద్దరు తప్ప.

తర్వాత మీ అసలు ముక్క పరీక్షించాను. మొదట నేను తెచ్చిన పెచ్చుకూ దీనికీ పోలికే లేదు. మళ్లీ మోసం చేశారనుకున్నాను. మీకు చెప్పకుండా పోయిన ఆదివారం వచ్చి, బిందెడు నీళ్లతో బండ కడిగి చూశాను. మీరు కొట్టిన చోటు కనిపించింది. అనుమానించినందుకు మన్నించండి. బండలో సగం కింద నుంచి పొంగి వచ్చిన రాయి, సగం ఉన్నచోటనే మారిన పాతరాయి. రెండు పార్టీలూ ఒకే బండ మీద ఉన్నాయి. నా పట్టా ఖాయమైంది.

దాంతో పెద్దలిద్దరూ కలిసి సర్కారుకు అర్జీ పెట్టారు. ఏ క్వారీ ఆ బండను తాకకూడదట. చుట్టూ కంచె వేయాలట. శెనక్కాయలు కూడా ఆరబోయకూడదట. కంచెకు గేటు పెట్టి తాళంచెవి ఊరివాళ్లకు ఇస్తేగానీ నేను సంతకం చేయనన్నాను. సరేనన్నారు.

మీ
లహరి

తా.క. బండ భూమి కింద నుంచి వచ్చిందన్న గురప్పకు తాళంచెవి ఇవ్వాలని మా గైడు గారు, ఎక్కడి నుంచీ రాలేదన్న మీకివ్వాలని ఎదుటి ప్రొఫెసరు గారు. మళ్లీ మాటలు మానేశారు. ఇది తేలేదాకా కంచె వేయబోమని, బండను ఏ క్వారీకీ ఇవ్వబోమని సర్కారు ఆఫీసువాళ్లు రాసిచ్చారు. మావాళ్ల తగువులు ఎన్నాళ్లకు తేలతాయో మీకు తెలుసు. శెనక్కాయలు నిదానంగా ఆరబోసుకోండి.