తాళంచెవి మన ఇంటి వంతు

ఘ్యాలుంగ్,
బార్లీ కోతలు మొదలైన రెండో రోజు.

చిట్టితల్లి పాల్మోకి అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ, రెండు జడలబర్రెలూ, కుక్కా క్షేమం. కాట్మండులో నువ్వూ క్షేమమేనని అనుకుంటున్నాను. అనుకోక చేసేదేముంది, నువ్వు రాసేది అర కాగితం, అందులోనూ సగం ప్రశ్నలే.

మోకాలు ఎలా ఉందని అడిగావు. ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది, దిగేటప్పుడు ప్రాణం తీస్తుంది. నువ్వు పంపిన మందు రాస్తున్నాను. ఆ వాసనకి కుక్క నా పక్కన పడుకోవడం మానేసింది. చూరు కారుతోందా అన్నావు. ఇప్పుడు కారడం లేదు, ఎవరు బాగుచేశారో తర్వాత చెబుతాను.

మోకాలి గురించి ఒక్కసారి అడిగావు. ముసలి దొరని వెంటబెట్టుకుని వచ్చిన గైడు రిగ్జిన్ గురించి మాత్రం మూడుసార్లు అడిగావు. "బాగా తిన్నాడా?" అని ఒకసారి, "ఏమైనా మాట్లాడాడా?" అని ఒకసారి, సంతకం కింద మళ్ళీ "ఎప్పుడు వెళ్ళాడు?" అని. మీ అమ్మ గమనించదనుకున్నావా? నర్సు చదువుకి పంపితే గైడ్ల తిండీతిప్పలు నీకెందుకే అమ్మాయ్?

సరే, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మన వైపు ఏడాదికి పదిమంది వస్తే ఎక్కువ. కనుమ దాటి నాలుగు రోజులు నడవాలి, దారిలో గుక్కెడు టీ కూడా దొరకదు. అంత కష్టపడి ఎవరైనా వస్తున్నారంటే నాకు మొదటినుంచీ అనుమానమే. పైగా ఈ ఏడు మన గుడి, గోంపా తాళంచెవి మన ఇంటి వంతు. ఎనిమిదేళ్ళ కిందట పక్క లోయవాళ్ళ విగ్రహం పోయినప్పుడు తాళంచెవి ఎవరింట్లో ఉందో, వాళ్ళని ఇప్పటికీ పెళ్ళిళ్ళకి పిలవడం లేదు. మన గోంపాలో తారాదేవి విగ్రహం జానెడే ఉంటుంది. జానెడే కాబట్టి సంచిలో ఇట్టే పడుతుంది.

దొర పేరు హెన్రిక్. డెబ్బై ఏళ్ళుంటాయి. వచ్చినవాళ్ళందరూ కొండల్ని చూస్తే ఈయన గోంపా ముందు కూర్చుని బొమ్మలు గీశాడు. తలుపు గీశాడు. తలుపు మీద తాళం గీశాడు. నా ఒళ్ళు మండిపోయింది.

"మీ దొర తాళం ఎందుకు గీస్తున్నాడు?" అని రిగ్జిన్‌ని నిలదీశాను.

"ఆయన మీ కుక్కని కూడా గీశాడు పిన్నీ. దాన్నీ ఎత్తుకుపోతాడంటారా?"

"దాన్ని ఎత్తుకుపోతే నేనే దణ్ణం పెట్టి సాగనంపుతా. మాట మార్చకు!"

నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు. అడగకుండానే కట్టెలు కొట్టాడు. అడగకుండానే నీళ్ళు మోశాడు. ఊరికే ఎవడు చేస్తాడు చెప్పు? ఇంట్లో ఇంకెవరుంటారు, అమ్మాయి ఎప్పుడొస్తుంది అని ఆరా తీశాడు. "నీకెవరున్నారు?" అంటే "ఎవరూ లేరు పిన్నీ, అమ్మానాన్నా కొండచరియ కింద పోయారు" అన్నాడు. వెనకా ముందూ ఎవరూ లేనివాడికి భయం మాత్రం ఏముంటుంది అనుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం ఒక సీసా చాంగ్ పట్టుకొచ్చాడు. సీసా మూతికి వెన్న అద్ది ఉంది.

"మా ఊరి బార్లీతో చేసింది పిన్నీ. మూడుసార్లు తాగాలి మీరు" అంటూ నా గిన్నె అందుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి.

దొంగబుద్ధి కాకపోతే ఆ వణుకేమిటి? నాకు మత్తెక్కించి నడుముకున్న తాళంచెవి కొట్టేయడానికే అని తేల్చేసుకున్నాను. "తలనొప్పిగా ఉంది, అటక మీద పెట్టు" అన్నాను. మొహం చిన్నబోయింది. పాచిక పారలేదు కదా అని లోలోపల సంబరపడ్డాను కూడా.

మూడో రోజు సాయంత్రం చూరు ఎక్కి కప్పు సరిచేశాడు. కింద వేయించిన పిండి పెట్టె ఉంటే పక్కకి జరిపాడు. తడిసిందేమో అని లోపల చేయి పెట్టి చూశాడు. కాస్త ఆగి, "తడవలేదు పిన్నీ" అని మూత పెట్టేశాడు.

నాలుగో రోజు పొద్దున ఊరి పెద్ద కర్చుంగ్ వచ్చాడు. మనవడికి జ్వరం, తార ముందు దీపం పెట్టాలట. వెళ్ళి తలుపు తీశాను. పీఠం ఖాళీగా ఉంది.

ఊరంతా మన వాకిట్లోకి వచ్చి పడింది. పక్కింటి దిక్కీ చేతులు తిప్పుకుంటూ, "మీ ఇంట్లో దిగినవాళ్ళే కదమ్మా! అన్నం పెట్టేముందు మొహం చూసుకోవద్దూ?" అంది. సంచులు విప్పించారు. దొర తన మేజోళ్ళు కూడా ఒక్కొక్కటే తీసి చూపించాడు పాపం, మన మాట అర్థంకాక. ఏమీ దొరకలేదు. నేను నిద్రపోతుండగా తాళంచెవి తీసి ఉంటారనీ, తారని ఎక్కడో దాచి ఉంటారనీ అన్నారు.

రిగ్జిన్ నావైపు ఒక్కసారి చూశాడు. తర్వాత కర్చుంగ్‌తో, "పెద్దయ్యా, మా దొర దొంగ కాదు. అయినా తీసుకొచ్చింది నేను. తార దొరికేదాకా నా గైడు కార్డు మీ దగ్గర ఉంచుకోండి" అన్నాడు.

"కార్డు లేకపోతే పని ఎవడిస్తాడురా నీకు?"

"ఎవరూ ఇవ్వరు పెద్దయ్యా. అందుకే ఇస్తున్నా."

వెళ్ళేముందు నాకు దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు.

పాల్మో, మొదటినుంచీ రాయలేక తప్పించుకుంటున్నది ఇప్పుడు రాస్తున్నాను. తారని తీసింది నేనే. మూడో రోజు మధ్యాహ్నం ఊరంతా పొలాల్లో ఉన్నప్పుడు, ఆ ఇద్దరికీ భయపడి, ఉతికిన గుడ్డలో చుట్టి పిండి పెట్టెలో దాచాను. వాళ్ళు వెళ్ళగానే తిరిగి పెట్టేద్దామనుకున్నాను. ఈలోగా ఆ జ్వరం వచ్చి పడింది. వాకిట్లో అందరూ అరుస్తున్నారు. పిండిలో ఉందంటే దాచానని ఎవరు నమ్ముతారు, కాజేశాననే అంటారు. ఆ భయంతో ఒక మనిషి కూటి మీద దెబ్బ కొట్టి ఊరుకున్నాను. కప్పు సరిచేసిన సాయంత్రం అతని చేతికి అది తగిలింది. తెలిసే నోరు మూసుకున్నాడు.

ఎందుకు మూసుకున్నాడో నాలుగు రోజుల పాటు అర్థం కాలేదు. ఐదో రోజు కంచరగాడిదలవాళ్ళు నీ ఉత్తరం తెచ్చారు. మూడోసారి అతని పేరు చదివేసరికి కళ్ళు అటక మీదికి వెళ్ళాయి. సీసా అలాగే ఉంది, మూతికి వెన్నతో సహా. పిల్లనడగడానికి వచ్చినవాళ్ళు సీసా మూతికి వెన్న అద్ది చాంగ్ తెస్తారనీ, తల్లి మూడుసార్లు తాగితే ఇచ్చినట్టేననీ పుట్టినప్పటినుంచీ చూస్తున్నదాన్ని! ముందు మేనమామ, వెనక బంధువులు, మెడలో తెల్ల కండువాలు, అలా వస్తారనుకున్నాను తప్ప, ఎవరూ లేనివాడు ఒక్కడే వచ్చి అడుగుతాడని నా పాడు బుర్రకి తట్టలేదు. కూలబడి ఏడ్చానే.

నిన్న పొద్దున తారని కడిగి, గుండెకి హత్తుకుని, ఊరందరిముందు గోంపా మెట్ల మీద నిలబడి చెప్పేశాను. కర్చుంగ్ తారని అందుకుని లోపల పీఠం మీద పెట్టాడు. తర్వాత చేయి చాపాడు. తాళంచెవి ఇచ్చేశాను. ఇప్పుడది దిక్కీ నడుముకి వేలాడుతోంది, అవసరం లేకపోయినా గలగలలాడిస్తోంది. తొమ్మిదేళ్ళ దాకా మన ఇంటికి వంతు రాదట. అనుభవించాల్సిందే.

కర్చుంగ్ తిరిగిచ్చిన కార్డు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నీ చేత్తోనే రిగ్జిన్‌కి ఇవ్వు. దొరకి కూడా నా తరఫున చేతులు జోడించమను.

నువ్వు మాత్రం నాకు ఒక్క ముక్క ముందే రాయకపోవడం ఏమిటి? నీ మీద అనుమానం ఇంకా పోలేదు, వచ్చాక తేల్చుకుందాం.

ఇంటికొచ్చి, వెన్న చెరగకుండా గిన్నెలోకి వంచుకున్నాను. చాంగ్ బాగా పులిసిపోయింది, గొంతు దిగడం లేదు. అయినా మూడుసార్లూ తాగాను. అతనికి చెప్పు.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ